పొట్టిదాని కూత

స్టేషను దాటి రైలు మొదటి మలుపు తిరుగుతుండగా ముందున్న ఇంజను కూత వేసింది. ఆవిడ నోటి దాకా తెచ్చుకున్న కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. పెట్టెలో పిల్లలూ పెద్దలూ ఓ అని సరదాగా అరిచారు, ఆవిరి బండి కూత వినడానికే కదా అందరూ టిక్కెట్లు కొనుక్కుని ఎక్కింది. ఎదురు సీట్లో చెల్లెలైతే చప్పట్లు కూడా కొట్టింది. ఆవిడకి మాత్రం వీపు మీద ఎవరో చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. ఆ కూత ఈ బండిది కాదు. పొట్టిదానిది, అవతలి కొండ మీద నడిచిన చిన్న ఇంజనుది. బొంగురుగా మొదలై, మధ్యలో వెక్కిళ్ళొచ్చినట్టు ఒక్క క్షణం తెగి, ఆ తర్వాతే గొంతు విప్పుకుని సన్నగా పైకి లేచే కూత. లోకంలో మరో ఇంజనుకి ఆ వెక్కు ఉండే వీల్లేదు. ఎందుకంటే దాన్ని పెట్టింది పక్కనే కిటికీకి చెంప ఆనించుకుని కూర్చున్న ఈ మనిషి, ఆవిడ మొగుడు, పొట్టిదాని డ్రైవరు. ఎప్పుడో ఒక వానాకాలం కొండని తొలిచిన ఇరుకు దారిలో వేలాడుతున్న కొమ్మ తగిలి పొట్టిదాని ఈల సొట్టపోతే, ఊడదీసి, దాగలి మీద పెట్టి సుత్తితో సరిచేసి, ఆకురాయితో అరగదీసి, మళ్ళీ బిగించి తాడు లాగి చూసి, "దీనికి జలుబు చేసిందే!" అని పగలబడి నవ్వాడు. ఇద్దరూ నవ్వారు. మర్నాడు కొత్తది తెప్పిస్తానన్నాడు ఆ కొండ లైను యజమాని. వద్దంటే వద్దన్నారు.

పొట్టిది ఇక్కడికెలా వస్తుంది? అది షెడ్డులో ఉంది కదా, అవతలి కొండ కింద, తాళం వేసిన షెడ్డులో, పట్టాల మీద కదలకుండా. వంతెన కొట్టుకుపోయి ఆ లైను మూసేసిన రోజున యజమాని స్వయంగా చెప్పాడు. చలికాలం అయిపోయాక దుప్పటి మడిచి పెట్టుకోమూ, అలాగే అనుకోమ్మా, రోజులు బాగుపడగానే మళ్ళీ తీసి దులుపుదాం అన్నాడు. నిల్వ ఉంచుతున్నాం అన్నాడు. ఆ మాట ఆవిడకి వింతగా తోచింది అప్పుడు. ధాన్యం నిల్వ ఉంచుతారు, నీళ్ళు నిల్వ ఉంచుతారు, ఇంజనుని నిల్వ ఉంచడమేమిటి, కానీ ఆయన ఎంత నమ్మకంగా తల ఊపాడో. ఆ రాత్రి ఇంట్లో అన్నం తింటూ మొగుడు, "పడుకోనీవే, దానికీ ఒళ్ళు అలిసింది," అన్నాడు. అప్పట్నుంచీ వాళ్ళింట్లో పొట్టిది ఎప్పుడూ "లేదు" కాదు, "ఉంది" కాదు, "పడుకుంది". పక్కింటివాళ్ళు అడిగినా అదే మాట. ఏడాదికోసారి యజమాని ఆఫీసుకి ఫోను చేస్తే గుమాస్తా, బాగానే ఉందమ్మా, భద్రంగా ఉంది, అనేవాడు. ఆవిడ ఆ మాటని చెవిలో గట్టిగా అరిచి ఆయనకి చేరవేసేది. ముప్పయ్యేళ్ళు ఇంజను రొద పక్కన నిలబడ్డ చెవులు, ఎడమది పూర్తిగా పోయింది, కుడిది అరిస్తేనే వింటుంది. అందుకే ఇప్పుడు కూత విననట్టే కూర్చున్నాడు. విననట్టే ఏమిటి, వినలేదు. లోయ చూస్తున్నాడు. హాయిగా ఉన్నాడు.

మళ్ళీ వేసింది. రోడ్డు దాటే చోట కాబోలు. బొంగురు, వెక్కు, సన్నటి కేక. అనుమానం లేదు. చంటిపిల్ల ఏడుపు పది ఇళ్ళ అవతల వినపడ్డా తల్లికి తెలిసిపోదూ. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది, చూసుకుంటే మోకాలి మీద కాఫీ. "అక్కా, కాలిందా?" అంది చెల్లెలు. లేదంది. ఈ ప్రయాణం చెల్లెలి చలవే. మీరిద్దరూ జన్మంతా జనాన్ని కొండెక్కించారు గాని ఒక్కసారైనా దర్జాగా కూర్చుని వెళ్ళారా, నేను తీసుకెళ్తాను పదండి అని పట్టుబట్టి తీసుకొచ్చింది. మంచి మనసు దానిది. మంచి మనసుతో తీసుకొచ్చి దేని ముందు కూర్చోబెట్టిందో దానికి తెలీదు. ఒకవేళ... ఆవిడ గుండె ఒక్కసారి ఎగిరింది. ఒకవేళ పొట్టిదే లాగుతోందేమో ఈ బండిని! లేపి, రంగులు వేసి, ఇక్కడికి అమ్మేశారేమో, మనకి చెప్పడం మరిచిపోయారేమో, గుమాస్తాలు ఏది గుర్తుపెట్టుకుంటారు గనక. స్టేషనులో వీళ్ళు ఆలస్యంగా వచ్చి చివరి పెట్టెలోకి ఎక్కేశారు, ఇంజను మొహమే చూడలేదు. అవును, అదే, పొట్టిదే అయుంటుంది, దేవుడా, అదే అయుండాలి. ఈయన మొహం చూడాలి అప్పుడు. దిగగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టాలి, మాట్లాడకుండా. బండి కుడివైపు పెద్ద మలుపు తిరుగుతోంది, వంపులో ముందు పెట్టెలన్నీ కనిపిస్తాయి, ఆవిడ, భర్త ఒడి మీదుగా వంగి కిటికీలోంచి తల బయట పెట్టింది.

పొడుగ్గా ఉంది. నల్లగా, పొడుగ్గా, దర్జాగా, ఆవిడ జన్మలో చూడని ఇంజను. చిమ్నీ వేరు, బొజ్జ వేరు, చక్రాల వరస వేరు. దాని నెత్తి మీద తెల్లటి ఆవిరి పువ్వులా విచ్చుకుంది, ఒక్క క్షణం ఆగి వినపడింది పొట్టిదాని గొంతు. తెలియని మనిషి నోరు తెరిచి మన ఇంటి పిల్ల గొంతుతో మాట్లాడితే ఎలా ఉంటుంది. ఆవిడ గబుక్కున తల లోపలికి లాక్కుంది. కిటికీ చట్రానికి నుదురు కొట్టుకుంది, నొప్పి కూడా తెలీలేదు.

"ఏమైందే? కడుపులో తిప్పుతోందా?" అన్నాడాయన, తన గొంతు తనకి వినపడదు గనక పెట్టె అంతా వినేట్టు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఏమని చెప్పాలి. ఈయనకి చెవిలో గుసగుసలు చెప్పే వీలుంటే ఎంత బాగుండును. మొగుడూ పెళ్ళాలకి గుసగుసలు లేకుండా పోయి ఎన్నాళ్ళయిందో. ఏ మాటైనా అరవాలి, కూరలో ఉప్పు చాలిందా అని అరవాలి, భయంగా ఉంది దగ్గరికి జరగండి అని కూడా అరవాలి. అసలు తొలిరోజుల్లోనూ అరుపులే. టిక్కెట్ల కిటికీలో కూర్చునే పిల్ల ఆవిడ. బొగ్గు వేసేవాడు ఒక పొద్దున చెప్పా పెట్టకుండా మానేసి పోతే, జనం ఎక్కేసి కూర్చుంటే, పార నాకివ్వండి నేను వేస్తాను అంది. ఆడదానివి నువ్వేం వేస్తావే అన్నాడు పెళ్ళయి ఏడాది కూడా నిండని మొగుడు. అన్నం వండే పొయ్యి కంటే పెద్దదేం కాదుగా అంది. చాలా పెద్దది. మొదటి ఎక్కుడులోనే కనుబొమలు కాలాయి. బొగ్గంతా తలుపు దగ్గరే కుప్ప పోస్తుంటే, "పల్చగా! మూలలకి! మూలలకి వెయ్యవే!" అని ఆయన అరుపులు, నువ్వే వేసుకో అని ఈవిడ అరుపులు, మధ్యలో పొట్టిది వగర్చుకుంటూ ఎక్కడం. పైకి చేరాక ఇద్దరి మొహాలూ నల్లగా, పళ్ళు మాత్రం తెల్లగా. మర్నాడు కొత్త మనిషిని చూస్తానన్న యజమానితో ఆయనే వద్దన్నాడు, మా ఆవిడ చాలు, తిట్టినా పడుతుంది అని. పడిందా! దాని పొయ్యి ఎలా ఉంటుందో లోకంలో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు, వెనక గోడ దగ్గర ఎడమ మూల ఎప్పుడూ ఆకలిగా ఉంటుంది, అక్కడికి ఒక పార ఎక్కువ విసరాలి. ఆ మూల ఇప్పుడు ఎక్కడుంది? ఈల ఇక్కడుంటే మిగతాది ఎక్కడుంది? ఈల ఊడదీసుకోనిచ్చినవాళ్ళు ఇంకేం ఊడదీసుకోనిచ్చారు?

సగం దారిలో ఇంజను నీళ్ళు తాగడానికి బండి ఆగింది. జనం ఫొటోలకి దిగారు. చెల్లెలు బావగారికి చెయ్యి అందించి నీడలో బల్ల మీద కూర్చోబెట్టింది. ఇప్పుడే వస్తానని ఆవిడ పెట్టెల వెంబడి ముందుకి నడిచింది. వేడి నూనె వాసన, తడి బూడిద వాసన. ఆ వాసనకే కళ్ళు నిండాయి, ఇంకా ఏమీ తెలియకముందే. డ్రైవరు నడివయసు మనిషి, మసి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మెట్టు మీద కూర్చున్నాడు.

"మీ బండి ఈల బావుంది బాబూ," అంది.

అతని మొహం వెలిగిపోయింది. "అందరూ అదే అంటారండీ. దాని సొంత ఈల పగిలిపోతే ఇది పెట్టాం. అవతలి కొండ లైను మూతపడింది చూడండి, అక్కడి చిన్న ఇంజనుది. ఈలే కాదు, నీళ్ళెక్కించే పంపు కూడా దానిదే. చూస్తారా?"

చూసింది. వద్దు వద్దనుకుంటూనే చూసింది. చక్రం ఆకారంలో ఇత్తడి పిడి, అరిగి నున్నగా, తన అరచేయి అరగదీసిన నునుపు. చెయ్యి పెడితే సరిగ్గా సరిపోతుంది. పెట్టలేదు.

"మిగతాది?" అంది. ఆవిరి చప్పుడులో అతనికి వినపడలేదు. మళ్ళీ అడిగింది.

"పైన మా యార్డులో పడి ఉందండీ, మిగిలింది. కోసేశాం. కొయ్యక తప్పలేదు. మీరు... ఆ లైనులో ఎక్కేవారా?"

"బొగ్గు వేసేదాన్ని."

అతను లేచి నిలబడ్డాడు. మసి గుడ్డని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అమ్మా," అన్నాడు, అంతే.

వెనక్కి ఎలా వచ్చి కూర్చుందో తెలీదు. బండి కదిలింది. కోసేశాం. ఎంత మామూలుగా అన్నాడు. అతని తప్పేముంది, చెప్పకపోతే అతనికెలా తెలుస్తుంది, పరాయి ఆడమనిషి ఈల బావుందంది, మురిసిపోయి చెప్పాడు. కోసేశాం. దేంతో కోస్తారు, మంటతో కోస్తారు, నీలం మంట, ఇనుముని అట్టముక్కలా. మంటని కడుపులో పెట్టుకుని బతికినదాన్ని మంటతోనే. ఎప్పుడు? ఏ రోజున? ఆ రోజు మేమిద్దరం ఏం చేస్తున్నాం, భోంచేసి పడుకున్నామా, పక్కింటావిడకి పొట్టిది పడుకుంది అని చెప్తున్నామా. గుమాస్తా బాగానే ఉందమ్మా అన్నది ముక్కలయ్యాకా, ముందా. పక్కన ఈయన జేబులోంచి బఠాణీలు తీసి ఒక్కొక్కటే నములుతున్నాడు. పైన దిగాక డ్రైవరు ఎదురుపడతాడు, ఏదో అంటాడు, ఈయన ఆ నోటి కదలిక చూసి సగం అర్థం చేసుకుంటాడు, అలా పరాయివాడి పెదాల మీద తెలియడం కంటే, వద్దు, నేనే చెప్తాను, ఇప్పుడే, ఇక్కడే. ఆవిడ ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"పొట్టిదాన్ని కోసేశారండీ!"

"ఏం కోసుకున్నావే? చెయ్యా?" బఠాణీలు ఒలికిపోతుంటే గాభరాగా ఆవిడ చెయ్యి లాక్కుని, రెండు వైపులా తిప్పి, నెత్తురు కోసం వెతికాడు. వెనక సీటావిడ చేతిరుమాలు తీసి అందించింది కట్టు కట్టుకోమని.

"నేను కాదు! పొట్టిది! మన పొట్టిది! కోసేశారు! ముక్కలు ముక్కలు చేసేశారు!"

పెట్టెలో అందరూ ఇటు తిరిగారు. ఎక్కడో ఒక చిన్నపిల్ల, "ఎవర్ని కోసేశారు నాన్నా?" అంది, తండ్రి నోరు మూశాడు. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా గోడ మీద పొట్టిదాని ఫొటో చూసింది అది, దానికీ తెలుసు. ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు. గాయం ఇంకా దొరుకుతుందేమో అన్నట్టు వేళ్ళ సందుల్లో చూస్తూనే ఉన్నాడు.

"ఎవరన్నారు?" అన్నాడు.

"డ్రైవరు! దాని ఈల ఈ బండికి పెట్టుకున్నారు! బయల్దేరినప్పట్నుంచీ వింటున్నాను!"

"బయల్దేరినప్పట్నుంచీనా?"

తల ఊపింది.

"నాకు వినపడలేదే," అన్నాడు. అది ఫిర్యాదు కాదు, ఆశ్చర్యం. తను మలిచిన గొంతు, తన ముందే అన్నిసార్లు పలికితే, పక్కవాళ్ళందరూ వింటే, తను బఠాణీలు నములుతూ కూర్చున్నాడా. ఆ తర్వాత ఆయన లోయ చూడలేదు. ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాడు. కూత పడిన ప్రతిసారీ ఆవిడ మొహంలో ఏదో అయ్యేది, ఆపుకుందామన్నా ఆగేది కాదు, అది చూసి ఆయన కళ్ళు ఒక్కసారి మూసి తెరిచేవాడు. అలా విన్నాడు మిగతా దారంతా.

పైన దిగాక, బండిని కిందికి తీసుకెళ్ళే మరో డ్రైవరుకి అప్పగించి, ఆ డ్రైవరు తనంతట తనే వచ్చాడు. ఆయన కాళ్ళ వైపు చూస్తూ, రండి పెద్దాయనా అన్నాడు, వినపడకపోయినా ఆయన వెంట నడిచాడు. అక్కడి షెడ్డు వెనక యార్డు. మబ్బు కమ్ముకుంటోంది. గడ్డి మోకాళ్ళెత్తున ఉంది. అందులో, కట్టెల మీద ఎత్తి పెట్టి, ఉంది. ఉంది అనొచ్చా. చక్రాలు లేవు. బాయిలరుని అడ్డంగా కోశారు, కోత అంచు ఇంకా నీలంగా మెరుస్తోంది, లోపల గొట్టాలు తేనెపట్టు గదుల్లా బోలుగా నోళ్ళు తెరుచుకుని. ఆవిడ చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి లోపలికి చూసింది. పొయ్యి వెనక గోడ తీసేశారు. పగటి వెలుతురు తిన్నగా లోపలికి పడుతోంది. ఇన్నేళ్ళూ చిన్న తలుపులోంచి, ఎర్రగా, కళ్ళు చికిలించుకుని తప్ప చూడని చోటు. ఎంత చిన్న గది! ఇంత చిన్న గదా తనని అంత కాల్చింది, అంత మేసింది? అడుగున వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎడమ మూల, ఆ ఆకలి మూల, తుప్పు పట్టి కాగితంలా చిరిగి ఉంది, దాంట్లోంచి గడ్డి మొలిచింది.

"మా దగ్గరికి వచ్చేసరికే అయిపోయిందమ్మా," అన్నాడు డ్రైవరు. "ఆ షెడ్డు కప్పు మొదటి ఏడాదే గాలికి ఎగిరిపోయిందట. ఎవరూ వెళ్ళి చూడలేదు. చిమ్నీలోంచి వాన దిగడం, లోపల మిగిలిన బూడిదతో కలిసి ఇనుముని తినెయ్యడం... అన్నేళ్ళూ. మేం నిలబెడదామనే తెచ్చాం, ఒట్టు. సుత్తితో కొడితే సుత్తి లోపలికి పోయింది."

అన్నేళ్ళూ. మొదటి ఏడాదే. అంటే కోసిన రోజు కాదు అది చచ్చింది. దుప్పటీ లేదు, షెడ్డూ లేదు, నిద్రా లేదు. వీళ్ళు ఇంట్లో వాన చప్పుడు వింటూ ముసుగు తన్ని పడుకున్న ప్రతి రాత్రీ అది ఆ వానలో నోరు తెరుచుకుని తడిసింది, ఎవరూ చూడకుండా, ఒక్కో పొరే ఒక్కో పొరే. ఈ సంగతి ఆయన చెవిలో అరవాలి. ఆవిడ నోరు తెరిచింది. ఆయన అప్పటికే కోత అంచు దగ్గర వంగి, బొటనవేలితో రేకు మందం చూస్తున్నాడు. బొటనవేలి కింద పొర రాలింది. వేలికి అంటిన తుప్పు పొడిని చూపించాడు ఆవిడకి. "తడిసిందే ఇది," అన్నాడు. చెప్పక్కర్లేకపోయింది.

ఆమధ్య మూతపడిన ఇంకెన్ని లైన్లవో, అవతల పట్టాల మీద మరికొన్ని ఇంజన్లు వరసగా నిలబడి ఉన్నాయి, పైన ఆకాశమే కప్పు. ఒకదానికి తలుపు లేదు, ఒకదానికి దీపం లేదు. వాటి సంగతేమిటని చెల్లెలు అడిగింది.

"వీటికీ ఎప్పటికైనా నిప్పు రాజేసి నడుపుదామనే ఉందండీ. ఈలోగా ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి తీస్తుంటాం. తియ్యకపోతే ఆ నడిచేది నడవదు." అతను అబద్ధం చెప్పడం లేదు. ఆవిడకి తిట్టాలని ఉంది, ఎవర్ని తిట్టాలో తెలీడం లేదు.

చినుకు పడింది. ముక్కు మీద, తర్వాత చేతి మీద. చెల్లెలు గొడుగు విప్పింది. "పదక్కా, బండి బయల్దేరే వేళయింది, తడుస్తాం." ఆవిడ కదల్లేదు. వరసలో మొదటి ఇంజను వైపు చూస్తోంది. దాని పేరు తెలీదు, ఏ కొండదో తెలీదు, దానికి ఎవరు బొగ్గు వేశారో తెలీదు. దాని చిమ్నీ నోరు తెరుచుకుని ఉంది. చినుకులు తిన్నగా అందులోకే.

గడ్డిలో ఒక ఇనుప బకెట్టు పడి ఉంది, అడుగు చిల్లు లేనిది. ఆవిడ దాన్ని ఆయన చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, ఆ ఇంజను మెట్టు మీద కాలు పెట్టింది. "అక్కా, నీకేమైనా పిచ్చా! మోకాళ్ళు!" అని అరిచింది చెల్లెలు. ఇంజను పక్కనున్న సన్నటి ఇనుప గట్టు మీద పాకుతుంటే మోకాళ్ళు నిజంగానే కలుక్కుమంటున్నాయి. చేతులకి మాత్రం ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. "పడతావే! ఎడమ చేత్తో పట్టుకో!" కింద నుంచి ఆయన గట్టిగా, పాత గొంతుతో. బకెట్టు అందించాడు. చిమ్నీ మీద బోర్లిస్తే వదులుగా ఉంది, గాలికి లేస్తుంది. డ్రైవరు పరిగెత్తుకెళ్ళి తాడు తెచ్చి పైకి విసిరాడు. ఆవిడ రెండు చుట్లు చుట్టి బిగించింది. వాన బకెట్టు మీద టపటపా మోగడం మొదలుపెట్టింది. లోపల పొడిగా.

స్టేషను వైపు నుంచి కూత వినపడింది. బొంగురు, వెక్కు, కేక. "బండి వెళ్ళిపోతోందక్కా!" చెల్లెలు ఏడుపు గొంతుతో అంది. ఆవిడ కిందికి దిగలేదు. పక్కనున్న దాని చిమ్నీ వైపు చెయ్యి చూపించి, "ఇంకోటి చూడండీ!" అని అరిచింది.

ఆయన అప్పటికే గడ్డిలో వంగి, తడుస్తూ, మూతకి పనికొచ్చేది ఏముందా అని వెతుక్కుంటున్నాడు.